‘బి’ అక్షరంలో తప్పిపోయిన దాసి

మన పందికొక్కు ఇంగ్లీషు నిఘంటువుకి ఎక్కిందని మీకు తెలుసా? ఇవాళా నిన్నా కాదు, 1885లోనే ఎక్కింది. ‘బాండికూట్’ అంటే ఏ లాటిన్నుంచో గ్రీకునుంచో దిగివచ్చిన మాటలా దర్జాగా వినిపిస్తుంది గాని, అది అచ్చంగా మన పెరటి గోడకి కన్నం పెట్టే పందికొక్కే. ఇక్కడ వర్తకానికొచ్చిన తెల్లవాళ్ళకి నోరు తిరక్క అలా అయింది. అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియా వెళ్ళిన ఇంగ్లీషువాళ్ళు మూతి పొడుగ్గా ఉన్న ఒక చిన్న జంతువుని చూసి దానికీ ఆ పేరే తగిలించారు. కడుపు దగ్గర సంచిలో పిల్లల్ని మోసే ఆ ప్రాణికీ మన కొక్కుకీ ఏ చుట్టరికమూ లేదు. ఊరూ పేరూ లేని తెలుగు కొక్కుకి సముద్రాల అవతల అంత పరపతి!

ఈ పందికొక్కు కోసమే నేను ‘బి’ అక్షరం పేజీలు తిరగేశాను. తిరగేస్తూంటే దాని ఇరుగుపొరుగున ఉన్న మాటలు కొన్ని కంటబడ్డాయి. ఇప్పుడు ఎవరూ వాడనివి, వాడినా అసలు అర్థం ఎరగనివి. చిత్రమేమిటంటే వాటిలో చాలా మాటలు ఆడవాళ్ళకి సంబంధించినవి. ఇంగ్లండులో ఆడవాళ్ళ చరిత్ర చదవాలంటే రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ ఉన్న లావుపాటి పుస్తకాలకన్నా ఈ ఒక్క అక్షరమే నయమనిపించింది నాకు.

ముందు శుభమా అని పెళ్ళి మాటతో మొదలుపెడదాం. ‘బ్రైడల్’ అనే మాట మనకి కొత్తది కాదు. బ్రైడల్ మేకప్ అనీ, బ్రైడల్ చీర అనీ బజారులో బోర్డులమీద చూస్తూనే ఉంటాం. పెళ్ళికూతురికి సంబంధించినది అనుకుంటాం. అసలు అది రెండు మాటల అతుకు. ‘బ్రైడ్’ అంటే పెళ్ళికూతురు, ‘ఏల్’ అంటే బార్లీతో కాచే ఒక రకం బీరు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ‘బ్రైడ్-ఏల్’ అంటే పెళ్ళివిందు. కొన్ని ఊళ్ళలో పెళ్ళివారు ఏల్ కాచి, వచ్చినవాళ్ళకి దాన్ని అమ్మి, ఆ డబ్బు కొత్త దంపతుల చేతిలో పెట్టేవారట. మన చదివింపుల లాంటిదే, కాకపోతే గ్లాసు చేతికిచ్చి పుచ్చుకునే చదివింపులు. కాలక్రమాన బీరు సంగతి అందరూ మరిచిపోయారు, మాట మాత్రం పట్టుచీరె కట్టుకుని పెద్దమనిషి అయిపోయింది.

పెళ్ళికొడుకు సంగతి ఇంకా తమాషా. పాత ఇంగ్లీషులో ‘గుమ’ అంటే మగవాడు. పెళ్ళికూతురి మగవాడు కాబట్టి ‘బ్రైడ్‌గుమ’. కొన్ని వందల ఏళ్ళకి ‘గుమ’ అన్న మాట జనం నోటినుంచి జారిపోయింది. అర్థంకాని మాటని జనం ఊరికే ఉంచరు గదా! దగ్గరగా వినిపించే తెలిసిన మాటని తెచ్చి అతికించారు. అలా పదహారో శతాబ్దంలో ‘బ్రైడ్‌గ్రూమ్’ వచ్చింది. గ్రూమ్ అంటే పనికుర్రాడు, తరవాత తరవాత గుర్రాలశాలలో మాలీసు చేసేవాడు. ఇంగ్లీషులో అచ్చువేయించిన మన శుభలేఖల నిండా ఆ పనివాడే ఉన్నాడు. ఆడపిల్లవారు చదువుకుని కాస్త నవ్వుకోవచ్చు.

నవ్వు అంతటితో సరి. ఆ పెళ్ళిలోనే ఇంకో ‘బి’ మాట ఉంది. ‘బక్సమ్’ అంటే ఇప్పుడు నిండైన విగ్రహం గల స్త్రీ అని అర్థం. మొదట్లో దానికీ ఒంటికీ సంబంధమే లేదు. వంగడం అనే అర్థమున్న పాత ధాతువునుంచి పుట్టిన మాట అది. వంగేది, చెప్పినట్టు వినేది, అణకువగలది అని అర్థం. ఆ రోజుల్లో దాన్ని మగవాళ్ళకీ వాడేవారు, దేవుడికీ చర్చికీ లోబడివున్నవాడు బక్సమ్. కాని పెళ్ళిలో ఆ మాట ఆడదానికి మాత్రమే మిగిలింది. మధ్యయుగంలో దక్షిణ ఇంగ్లండులో వాడుకలో ఉన్న పెళ్ళి ప్రమాణంలో పెళ్ళికూతురు ‘బానేర్’ గానూ ‘బక్సమ్’ గానూ ఉంటానని అందరిముందూ చెప్పాలి. బానేర్ అంటే సౌమ్యురాలు. అదీ ‘బి’ మాటే. పెళ్ళికొడుకు మాత్రం వంగుతానని ఎక్కడా చెప్పడు.

1549లో ఇంగ్లండు చర్చి తన ప్రార్థన పుస్తకాన్ని ఇంగ్లీషులో అచ్చువేసినప్పుడు ఈ రెండు మాటలూ పోయి, వాటి చోట సూటిగా ‘విధేయురాలినై ఉంటాను’ అన్న ప్రమాణం వచ్చింది. పాత మాట పోయింది, పని పోలేదు. 1947లో, రేపో మాపో దేశానికి రాణి కావలసిన ఎలిజబెత్ కూడా ఆ ప్రమాణం చేసే పెళ్ళాడింది. ఆవిడ కోడలు డయానా 1981లో ఆ మాట అనకుండా పెళ్ళి చేసుకుంటే పత్రికలన్నీ అదో పెద్ద వింతగా రాశాయి. పెళ్ళి బట్టల గురించి రాసినంత రాశాయనను గాని, రాశాయి.

మరి చెప్పినట్టు విననివాళ్ళ మాటేమిటి? దానికీ ఇదే అక్షరంలో ఒక మాట ఉంది. ‘బ్రాంక్స్’. ఈ మాట చూసినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి పక్కన పెట్టాను. స్కాట్లండులో పదహారో శతాబ్దంనుంచి కనిపించే శిక్షాపరికరం అది. తలచుట్టూ బిగించే ఇనుప చట్రం. దాని ముందుభాగాన ఒక ఇనుప రేకు నోట్లోకి వెళ్ళి నాలుకని నొక్కిపెడుతుంది. కొన్నిటికి ఆ రేకుమీద మొనలు కూడా ఉండేవి. నోరుగలదని, ఇరుగుపొరుగుతో తగాదా పడుతుందని, పెద్దల్ని ఎదిరించి మాట్లాడుతుందని పేరుపడ్డ ఆడదానికి అది తగిలించి, తాడుకట్టి వీధుల్లో నడిపించేవారు. చర్చి పెద్దలూ పట్టణ అధికారులూ కలిసి వేసిన శిక్ష. ఇంగ్లండులో దీన్నే ‘బ్రైడిల్’ అన్నారు, అంటే గుర్రపు కళ్ళెం. పెళ్ళికొడుకు పేరులోనే గుర్రాలవాడు ఉన్నాడని ఇందాక నవ్వుకున్నాం చూశారా! లండన్ దగ్గర వాల్టన్ అనే ఊరి చర్చిలో 1633 సంవత్సరం వేసి ఉన్న కళ్ళెం ఒకటి చాలాకాలం భద్రంగా ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం మొదటి పాదం దాకా ఈ శిక్ష అక్కడక్కడా సాగింది. అంటే మనకి రామమోహనరాయలు సహగమనం గురించి వాదిస్తున్న రోజులన్నమాట.

ముసలితనం వచ్చాకనైనా మర్యాద దక్కిందా అంటే, ‘బెల్‌డామ్’ అనే మాట చూడండి. డామ్ అంటే తల్లి. ‘బెల్’ అనేది వరసని ఒక తరం పైకి జరిపే మాట. కలిపితే అమ్మమ్మ, నానమ్మ. పదిహేనో శతాబ్దంలో అది గౌరవంగా పిలిచే పిలుపే. వంద సంవత్సరాలు తిరిగేసరికి బెల్‌డామ్ అంటే ముసలిది, ఇంకా కొన్నాళ్ళకి మంత్రగత్తె, గయ్యాళి. షేక్‌స్పియర్ ఒక కావ్యంలో అమ్మమ్మ అన్న అర్థంలో వాడాడు, మాక్‌బెత్ నాటకంలో మంత్రగత్తెల్ని తిట్టడానికి వాడాడు. ఒకే మనిషి చేతిలో రెండూ. దీనికి జోడీగా తాతగారికి ‘బెల్‌సైర్’ అనే మాట ఉండేది. అదీ వాడుకలోంచి పోయింది గాని, పోతూ పోతూ ఒక్క మచ్చ కూడా పడకుండా పోయింది. మనకి మాత్రం తక్కువా? ‘ముసలాయన’ అన్నప్పటి గొంతూ ‘ముసల్ది’ అన్నప్పటి గొంతూ ఒకటేనా చెప్పండి.

భర్త పోయినవాళ్ళ గుడ్డకి కూడా ‘బి’ అక్షరమే దొరికింది. పడుగు పట్టూ, పేక ఉన్నీ వేసి నేసిన ‘బాంబజీన్’. పట్టుపురుగుకి ఉన్న లాటిన్ పేరునుంచి వచ్చింది. నార్విచ్ పట్టణం దీనికి పేరుమోసింది. మంచి నేతే, నల్లరంగు వేస్తే మెరుపు లేకుండా మందంగా ఉంటుంది. మెరుపు లేకపోవడమే కావలసింది. భార్య పోతే భర్తకి కొన్ని నెలల మైల చాలు, భర్త పోతే భార్య రెండేళ్ళు దాటిందాకా ఆ నలుపులో ఉండాలి. విక్టోరియా రాణి 1861లో భర్త పోయినప్పుడు నలభై రెండేళ్ళ మనిషి. 1901లో తాను పోయేదాకా నలుపు విడవలేదు. ఆవిడ ఇష్టపడి కట్టుకుంది, ఆవిణ్ణి అడిగేవాళ్ళు లేరు. ఆవిణ్ణి చూసి మర్యాద నేర్చుకున్న మధ్యతరగతి వితంతువులకి ఆ ఇష్టాయిష్టాల అవకాశం ఏదీ? తెల్లపంచె కట్టిన మన మామ్మలు తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇన్నిటి మధ్యా కాస్త ఊపిరాడే మాట ‘బ్లూస్టాకింగ్’. నీలి మేజోడు. 1750 ప్రాంతాల్లో లండనులో ఎలిజబెత్ మాంటేగ్యూ అనే సంపన్నురాలూ, ఆమె స్నేహితురాళ్ళూ తమ ఇళ్ళలో సాయంకాలాలు పేకాట మానిపించి పుస్తకాలమీద మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అక్కడికి వచ్చేవారిలో బెంజమిన్ స్టిలింగ్‌ఫ్లీట్ అనే మొక్కల శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. పెద్దిళ్ళకి వెళ్ళేటప్పుడు మగవాళ్ళు వేసుకునే నల్ల పట్టు మేజోళ్ళు కాకుండా, ఆయన ఇంట్లో వేసుకునే నీలి ఉన్ని మేజోళ్ళతోనే వచ్చేవాడు. మేజోళ్ళు ఆయనవి, పేరు ఆ కూటానిది. కొన్నాళ్ళకి మగవాళ్ళు చల్లగా తప్పుకున్నారు, ఎగతాళి ఆడవాళ్ళకి మిగిలింది. బ్లూస్టాకింగ్ అంటే చదువుకుని ఇల్లూ వాకిలీ పట్టని ఆడది అయిపోయింది. కవి బైరన్ వీళ్ళమీద ఒక ఎగతాళి కావ్యమే రాశాడు.

వాళ్ళు చేసిన పని చూడబోతే తక్కువది కాదు. షేక్‌స్పియర్‌ని ఫ్రెంచి పండితుడు వోల్టేరు తీసిపారేస్తే, మాంటేగ్యూ 1769లో దానికి జవాబుగా ఒక గ్రంథం వెలువరించింది. ఎలిజబెత్ కార్టర్ అనే ఆవిడ గ్రీకు తత్త్వవేత్త ఎపిక్టెటస్‌ని 1758లో ఇంగ్లీషులోకి తెచ్చింది. ఆవిణ్ణి మెచ్చుకుంటూ డాక్టర్ జాన్సన్ ఏమన్నాడో తెలుసా? గ్రీకు అనువాదం చేసినంత బాగానూ పుడ్డింగు కూడా చెయ్యగలదన్నాడు! అంతటి పండితుడు, తానే ఒక నిఘంటువు రాసినవాడు. ఎపిక్టెటస్‌ని అనువదించిన మగవాణ్ణి వంట వచ్చునా అని ఎవరైనా అడిగారా?

ఈ నీలి మేజోళ్ళకి మంచిరోజు వచ్చింది లండనులో కాదు, జపానులో. 1911లో హిరత్సుకా రైచో అనే యువతీ, ఆమె స్నేహితురాళ్ళూ కలిసి స్త్రీల పత్రిక ఒకటి పెట్టి దానికి ‘సెయితో’ అని పేరుపెట్టారు. సెయితో అంటే నీలి మేజోడే. ఎవరో విసిరిన మాటని ఏరి తెచ్చి తమ గుమ్మానికి తోరణంగా కట్టుకున్నారు. అయిదేళ్ళు నడిచింది ఆ పత్రిక.

ఇంతకీ ఈ మాటలన్నిటినీ ఒక్కచోట పోగుచేసిన మనిషి గురించి చెప్పాలి. జేమ్స్ మర్రే. స్కాట్లండులో ఒక దర్జీ కొడుకు, 1837లో పుట్టాడు, పద్నాలుగేళ్ళకి బడి వదిలిపెట్టాడు. తనకై తాను డజన్లకొద్దీ భాషలు నేర్చుకున్నాడు. 1879లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పని ఆయన చేతికొచ్చింది. ప్రతి ఇంగ్లీషు మాటా మొదట ఎక్కడ కనిపించింది, శతాబ్దాల వెంబడి దాని అర్థం ఎలా మారింది అన్నది పాత పుస్తకాల్లోని వాక్యాల సాక్ష్యంతో చూపించాలని సంకల్పం. చదివేవాళ్ళు దేశమంతటా స్వచ్ఛందంగా చదివి, ఒక్కొక్క వాక్యం ఒక్కొక్క చీటీమీద రాసి పంపేవారు. అంతకుముందు ఇరవై యేళ్ళుగా పోగుపడ్డ చీటీలు గోనెల్లో మర్రే ఇంటికొచ్చాయి. ఒక గోనె విప్పితే చచ్చిన ఎలుక, ఇంకోదాంట్లో బతికున్న చిట్టెలుక తన సంసారంతో సహా. ‘హెచ్’ అక్షరం చీటీలు ఇటలీలోని ఫ్లారెన్సులో దొరికాయి. ‘పి’ అక్షరంలో కొన్ని ఐర్లాండులో ఒక గుర్రాలశాలలో దొరికాయి, అప్పటికే కొన్నిటితో పొయ్యి రాజేసేశారు. పాత కాగితాలు ఇంట్లో ఉంటే ఏమవుతాయో మనకి ఒకరు చెప్పాలా!

మర్రే ఇంటి ఆవరణలో ఇనుప రేకులతో ఒక షెడ్డు వేసుకుని అందులో పని మొదలుపెట్టాడు. భార్య ఏడా ఇంటిని చూసుకుంటూ ఆయన ఉత్తరాల పనిలోనూ సాయపడేది. పదకొండుమంది పిల్లలు. ప్రతివాళ్ళూ అక్షరాలు నేర్చుకోగానే చీటీలు అకారాదిగా సర్దడం నేర్చుకోవలసిందే. గంటకి ఇన్ని పెన్నీలని జేబుఖర్చు. కూతుళ్ళు ఎల్సీ, రోస్‌ఫ్రిత్ పెద్దయ్యాక అక్కడే పనిలో కుదురుకున్నారు. బయటినుంచి సాయం చేసినవాళ్ళలోనూ ఆడవాళ్ళు చాలామంది. ఇంగ్లండు చరిత్రమీద బడి పిల్లలకి పుస్తకం రాసిన ఎడిత్ థాంప్సన్, ఆమె చెల్లెలు, ఇద్దరూ కలిసి పదిహేను వేలకి పైచిలుకు వాక్యాలు పంపారు. ఆపైన ఎడిత్ ఏళ్ళతరబడి ప్రూఫులు దిద్దిపెట్టింది.

‘ఏ’, ‘బి’ అక్షరాలు కలిపి మొదటి సంపుటం 1888లో పూర్తయింది. అందులో పందికొక్కు ఉంది. బక్సమ్ ఉంది, బెల్‌డామ్ ఉంది, నోటికి వేసే బ్రాంక్స్ ఉంది. ఒక్క మాట లేదు.

‘బాండ్‌మెయిడ్’. కట్టుబానిసగా ఉన్న ఆడది, దాసి. అదేం మూలన పడివున్న మాట కాదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఉంది. అబ్రాహాముకి కొడుకుని కని, ఆ తరవాత బిడ్డతో సహా ఎడారిలోకి గెంటించుకున్న హాగరు ప్రస్తావన వచ్చినచోట వాడిన మాట అది. ఆదివారం చర్చికి వెళ్ళే ప్రతి ఇంగ్లీషువాడూ విన్నదే. షేక్‌స్పియర్ నాటకంలో అక్క తన చేతులు కట్టేస్తే, నన్ను బాండ్‌మెయిడ్‌ని చెయ్యకు అని చెల్లెలు మొత్తుకుంటుంది. ఇంత తెలిసిన మాట నిఘంటువులో లేదు. దాని పక్కనే ఉండవలసిన ‘బాండ్‌మన్’ ఉన్నాడు, అంటే దాసుడు. ‘బాండేజ్’ ఉంది, అంటే దాస్యం. చీటీలు సర్దేటప్పుడు దీని కట్ట పుస్తకాల చాటున ఎక్కడో పడిపోయిందట. ఆ భాగం అచ్చయింది 1887లో. సంగతి బయటపడింది 1901లో, బయటివాళ్ళెవరో మాట లేదేమని అడిగితే. మర్రే కొయ్యబారిపోయాడు. చేతిరాతనుంచి అచ్చుపలకలదాకా ఆ పేజీని కనీసం ముప్ఫైమంది చూశారు, ఒక్కరూ గమనించలేదని ఆయనే జవాబు రాశాడు. తన పద్ధతిలో ఇలాంటిది జరగడం అసంభవమని ఆయన నమ్మకం. ఆయన్ని తప్పుపట్టను. లక్షల చీటీల్లో ఒకటి జారిపోవడం నేరమేమీ కాదు. కాని జారిపోతే పద్నాలుగేళ్ళు ఎవరూ వెతకని మాట అదే అయింది చూడండి, అది నా మనసులోంచి పోవడంలేదు. దాసి ఇంట్లో ఉన్నంతసేపూ ఎవరికీ కనిపించదు.

మర్రే 1915లో ‘టి’ అక్షరం దగ్గర కన్నుమూశాడు. నిఘంటువు 1928లో పూర్తయింది. పది సంపుటాలు, నాలుగు లక్షలకి పైగా మాటలు. ఆ జూన్ 6న లండనులో గోల్డ్‌స్మిత్స్ హాలులో ఘనంగా విందు చేశారు. ప్రధానమంత్రి బాల్డ్విన్ వచ్చి ఉపన్యసించాడు. బల్లలముందు కూర్చున్నవాళ్ళు సుమారు 150 మంది, అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళకి పిలుపు లేదు. ముగ్గురిని మాత్రం పైన బాల్కనీలో కూర్చుని చూడనిచ్చారు. అందులో ఎడిత్ థాంప్సన్ ఒకావిడ, అప్పటికి ఎనభై యేళ్ళది. పదిహేను వేల చీటీల తరవాత, కింద వడ్డన చూస్తూ కూర్చోవడం! నెల తిరక్కుండానే, అదే బాల్డ్విన్ ప్రభుత్వం ఇంగ్లండు ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమానంగా ఇరవై ఒకటో ఏట ఓటుహక్కు ఇచ్చింది.

1933లో నిఘంటువుకి అనుబంధ సంపుటం వచ్చింది. విమానాలూ, సినిమాలూ, యుద్ధమూ తెచ్చిన కొత్త కొత్త మాటల కోసం వేసిన సంపుటం అది. ‘బి’ అక్షరంలో ఆ కొత్తమాటల మధ్య, వందల ఏళ్ళ పాతది, బాండ్‌మెయిడ్ వచ్చి చేరింది.